తెల్ల పెట్రోలు

గడియారాలకని కొన్న తెల్ల పెట్రోలు
ఇప్పుడు నోట్లకి వాడుతున్నాను.
లాలాపేటలో వాచీ బాగుచేయించుకునేవాళ్ళు
వేళ్ళ మీద లెక్కకొచ్చారు.
కంటికి బిగించే భూతద్దం ఊరికే కూర్చోలేదుగా.

భుజంగరావుగారు డైరీ మధ్యలో పెట్టి తెచ్చారు,
ఓడ బొమ్మ పది రూపాయల నోటు.
నడుం మీద నిలువునా టేపు, ఏ కాలం నాటిదో,
గాజులా ఉండాల్సింది
ఆవకాయ నూనె రంగుకి తిరిగింది.
"మరకుంటే మూడొందలు, పోతే మూడు వేలు" అన్నారు.
నోటు మీద రాసింది పదే.

తొందర పనికిరాదు.
చెల్లెలి కూతురు రిజ్వానా జుట్టు ఆరబెట్టుకునే మిషను
జానెడు దూరంలో పట్టి, వెచ్చబెట్టి,
పట్టకారు మొనతో అంచు లేపాలి,
నిద్రపోయే పిల్లాడి పిడికిట్లోంచి బిళ్ళ తీసినట్టు.
టేపు వస్తుంది. జిగురు రాదు.
అది కాగితంలోకి దిగి ఎప్పుడో కాపురం పెట్టింది.
దానికే పెట్రోలు. దూదిపుల్ల మీద ఒక్క చుక్క,
కింద అద్దుడు కాగితం,
రుద్దకు, అద్దు.
బ్రాడీపేట కుర్రాడొకడు ఇంట్లోనే ఎసిటోను పోసి
ఓడనీ సముద్రాన్నీ కలిపి తుడిచేశాడు.
తెచ్చి చూపించాడు. ఏం చెప్పను,
కాగితం మటుకు శుభ్రంగా ఉంది.

మూడో రోజు, కరెంటు పోయిన మధ్యాహ్నం,
చివరి జిగురు వదిలింది.
నోటు రెండైంది.
చిరగడం రోజూ చూసేదే. కానీ ఇవి
ఒక నోటు ముక్కల్లా లేవు.
ఒకటి పొగాకు రంగు, చెమటకి నాని నాని
పాత పంచెలా వేలి మీద వాలిపోతోంది.
రెండోది కరకరలాడుతోంది, కర్పూరం వాసన,
ఏ ట్రంకుపెట్టె అడుగునో పడుకుని లేచినట్టు.
నంబరు మాత్రం ఒకటే.
తెరచాప ఇటు సగం, అటు సగం.
తెలుగులో పది రూపాయలని ఒక ముక్క మీదే ఉంది,
రెండోదానికి తెలుగు రాదు.

ఆదాము తాతని పిలిచి చూపించాను.
పట్నంబజారులో ముప్ఫై ఏళ్ళు మిరప టిక్కీలు మోసిన వీపు.
ముట్టుకోకుండా వంగి చూశాడు.
"సరుకు ఎత్తేటప్పుడు చింపేవాళ్ళురా.
సగం లారీవాడికి, సగం కొట్లో.
చదవడం రానోళ్ళకి చీటీ ఏంటి, అదే చీటీ.
డబ్బు ముట్టాక రెండూ కలిపి చూసుకునేవాళ్ళు."
"ఎన్నాళ్ళకి కలిసేవి?"
"వారం. మహా అయితే పది రోజులు."
మళ్ళీ ఆ రెండు రంగులూ చూశాడు.
"ఇది వారం కాదు."
అంతే అన్నాడు. టీ గ్లాసు తీసుకున్నాడు.

ఎన్నేళ్ళు ఆగిందో పెట్టెలో ముక్క.
ఎవరొచ్చి గడపలో నిలబడ్డారో,
ఎవరు వెతికి తీశారో.
టేపు వేసిన చెయ్యి మాత్రం ఎరిగిన చెయ్యే,
వంకర లేదు. కత్తెరతో కోసింది, పంటితో కాదు.

జిగురులో ఎండిన మిరపగింజ తొక్కొకటి అంటుకుని ఉంది.
ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను.
ఇన్నేళ్ళ తర్వాత కూడా దాని కారమే అంటాను.
గుంటూరులో కళ్ళెందుకు తడిశాయని
ఎవరూ అడగరు కదా.

గోధుమపిండి ఉడికించి, పలచని కాగితం పీలికతో
వెనకనుంచి అతికించాను.
మరక పోయింది. రంగుల తేడా ఉండిపోయింది.
టీ డికాషను పూసి కలిపేయమన్నారు భుజంగరావుగారు.
చేతకాదన్నాను.
చేతనవును.

ఆయన ఫోను చూపించి కట్టారు.
గోడకున్న డబ్బా అరిచింది, నాలుగు వందలు అందాయని.
నోటూ నోటూ ఏదీ చేతులు మారలేదు.

టేపు పారేయమని వెళ్ళారు.
వెలుగుకి పట్టి చూస్తే అందులో
లేత ఊదాగా, తిరగబడి, తెరచాప నడిమి భాగం,
చీలిక లేకుండా.
ఆగిపోయిన గడియారాలుండే అద్దాల బీరువాకి
లోపలివైపు అదిమాను.
అంటుకుంది, ఇంకా.